గొణుగుడు మాస్టారి సంతకం

ఆస్పత్రి దుప్పట్లు మడతపెడుతుండగా నోటీసు వచ్చింది. ఆరబెట్టే యంత్రంలోంచి అప్పుడే తీసిన దుప్పటి ఒక కొస నా చేతిలో ఉంది, రెండో కొస మా సూపర్‌వైజరు చేతిలో ఉంది. జేబులో ఫోను రెండుసార్లు మోగింది. పని మధ్యలో ఫోను తీస్తే ఆవిడ మొహం మాడ్చుకుంటుంది. అయినా తీశాను. మా ఊరి పన్నుల ఆఫీసు నుంచి ఈమెయిల్లో ఉత్తరం. నేను దేశంలో నివాసం లేని ఇంటి యజమానినట. నా పై వాటా మీద నాలుగేళ్లుగా వస్తున్న అద్దెకు ఒక్క రిటర్ను కూడా దాఖలు చేయలేదట. పది రోజుల్లో దాఖలు చేయని పక్షంలో సదరు వాటా జప్తు చేయబడును, వేలం వేయబడును అని ఉంది. ఈ 'బడును'లు ఎవరు కనిపెట్టారో గానీ, చేసేవాడి పేరు చెప్పకుండా కొంప ముంచడానికి ఇంతకంటే మంచి మాట లేదు.

దుప్పటి కొస నా చేతిలోంచి జారి నేల మీద పడింది. నేల మీద పడిన దుప్పటి మళ్లీ ఉతకాలి. సూపర్‌వైజరు ఏదో అంది గానీ నా చెవికెక్కలేదు.

ఆ పై వాటా అంటే రెండు గదులు, ఒక వంటిల్లు, ముందు ఒక కుర్చీ పట్టేంత వరండా. మా ఆయనా, ఆయన తమ్ముడూ కలిసి కట్టుకున్న ఇంట్లో పైది మాది, కిందిది మరిదిది. మా ఆయన పోయిన ఏడాదే నేను ఈ దేశం వచ్చి ఆస్పత్రి బట్టలు ఉతికే విభాగంలో చేరాను. పిల్లాజెల్లా లేరు. ఇప్పుడు ఆ ఉతుకుడు పనిని బయటి కంపెనీకి ఇచ్చేస్తున్నారు. మూడు నెలల్లో నా ఉద్యోగం అయిపోతుంది, దాంతో పాటే ఇక్కడ ఉండే అనుమతీ అయిపోతుంది. ఈ భూమ్మీద నా పెట్టె దించుకోవడానికి మిగిలింది ఆ పై వాటా ఒక్కటే. దాన్ని వేలం వేస్తామంటున్నారు.

పన్ను ఎగ్గొట్టాలని ఎగ్గొట్టలేదు. దేశంలోనే లేనిదానికి ఆ దేశంలో పన్నేమిటి అనుకున్నాను, అంతే. ఇందులో నా తెలివితక్కువతనం ఎంతో, బద్ధకం ఎంతో నాకే తెలియదు. అద్దె మాత్రం ప్రతి నెలా ఐదో తారీకున ఠంచనుగా నా ఖాతాలో పడేది. మరిదే బ్యాంకుకు వెళ్లి, చీటీ మీద 'పై వాటా అద్దె, మాస్టారు' అని రాసి కట్టేవాడు. ఆ డబ్బు ఇక్కడ నా మంచానికి అద్దె కింద పోయేది. అవును, మంచానికే. ఒక గదిలో నలుగురం, తలా ఒక మంచం. మా ఇంటిగలావిడ ఏటేటా మంచానికి నూటికి పది పెంచేది. ఆవిడ పెంచిన రోజునే నేను మరిదికి ఫోను చేసి, అక్కడ మాస్టారికి నూటికి పది పెంచమనేదాన్ని.

మాస్టారంటే లెక్కల ట్యూషన్లు చెప్పుకునే పెద్దాయన. నేను వచ్చేసే ముందు నేనే చూసి, మాట్లాడి, కాగితం రాయించుకుని తాళాలిచ్చాను. ఆ వారంలోనే కుళాయి మీదా, కిటికీ మీదా, మెట్ల మీదా గొణిగాడు. గొణుగుడు మాస్టారని పేరు పెట్టింది నేనే. తర్వాత ఆయన గొణుగుడంతా మరిది నోటి మీదుగా నాకు చేరేది. వంటింట్లోకి నీళ్లు ఎక్కడం లేదంటున్నారు. పైకప్పు కారుతోందంటున్నారు. పడుకునే చోటే పడుతోందట వదినా, కాస్త తారు పూయిస్తే బాగుంటుందేమో అంటున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. "బకెట్ పెట్టుకోమను," అన్నాను ఒకసారి. "అద్దె ఇచ్చుకోగలిగినవాడు బకెట్ కొనుక్కోలేడా?" మరిది నవ్వి, చెబుతానన్నాడు.

నోటీసు వచ్చిన రోజునే మా ఊళ్లో పన్నుల పని చూసే లాయరమ్మ నంబరు ఒకటి పట్టుకుని ఫోను చేశాను. ఆవిడ అయ్యో పాపం అనే రకం కాదు. నోటీసు చదివించుకుని, మూడు కాగితాలు కావాలంది. అద్దె ఒప్పందం ఒకటి, బ్యాంకు లెక్క ఒకటి. ఆ రెండూ నా దగ్గరున్నాయి. మూడోది అద్దెకున్న మనిషి ఇవ్వాల్సిన ధ్రువపత్రం. ఎన్నేళ్లుగా ఉంటున్నాడో, ఏ ఏడు ఎంత ఇచ్చాడో రాసి, ఆఫీసులో గుమాస్తా ఎదుట నిలబడి సంతకం చేసి వేలిముద్ర వేయాలి. అది లేకపోతే రిటర్ను తీసుకోరు.

ఇంకో సంగతి కూడా చెప్పింది. యజమాని దేశంలో లేకపోతే, అద్దెకున్నవాళ్లే నెలనెలా అద్దెలోంచి పన్ను భాగం కోసి ఆఫీసులో కట్టి, మిగిలింది యజమానికి పంపాలట. కోయకుండా మొత్తం పంపేస్తే ఆ తప్పు అద్దెకున్నవాడిది. పన్ను నా మీద పడుతుంది గానీ, జరిమానా వాడి మీద పడుతుంది. అబద్ధమెందుకు, ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. పన్ను వరకూ నా దగ్గరున్నది ఊడ్చి కట్టగలను. జరిమానా మాస్టారి నెత్తిన పడితే పడనీ. నాలుగేళ్లు గొణిగి గొణిగి నా ప్రాణం తీసినందుకు ఆ మాత్రం శాస్తి జరగాల్సిందే అనుకున్నాను.

మరిదికి ఫోను చేసి చెప్పాను. మా మరిది బస్సుల షెడ్డులో సీట్లు కుడతాడు. ముప్పై ఎనిమిదేళ్లొచ్చాయి, పెళ్లి కాలేదు. నోట్లో నాలుక లేని మనిషి, నా ఒక్కదానితోనే వేళాకోళాలాడతాడు. రెండేళ్ల కిందట ఒక సంబంధం దాదాపు కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. ఏమైందని అడిగితే, ఆ అమ్మాయి మరీ పొడుగు, పక్కన నిలబడితే ఆవిడ తమ్ముడిలా ఉన్నాను వదినా అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు నోటీసు సంగతి వినగానే మాత్రం అతనికి వేళాకోళం రాలేదు. లైను తెగిందేమోనని మళ్లీ మళ్లీ హలో అన్నాను.

మాస్టారు ఊళ్లో లేరన్నాడు. రెండో రోజు, వచ్చారు గానీ కంటి ఆపరేషన్ అయిందన్నాడు. మూడో రోజు, ఆఫీసుల చుట్టూ తిరగడం ఆయన ఒంటికి పడదన్నాడు. నంబరివ్వు నేనే మాట్లాడతానంటే, ఆయనకి ఫోను అంటేనే గిట్టదన్నాడు. నీళ్లు నములుతున్నాడని తెలుస్తూనే ఉంది. ఆ ముసలాయన ఇతన్ని బెదిరించి లొంగదీశాడనుకున్నాను. నాలుగో రోజు గట్టిగా అడిగితే, "మాస్టారు ఒక మాట చెప్పమన్నారు వదినా. నా వల్ల ఆవిడ ఇల్లు పోదు, పోనివ్వను అన్నారు," అన్నాడు.

"ఆయన కబుర్లు నాకొద్దు," అన్నాను. "నాకు సంతకం కావాలి."

ఐదో రోజు మరిది ఫోను ఎత్తలేదు. ఆ రోజంతా నేను ఏం మడతపెట్టానో నాకు తెలియదు. ఎనిమిది మడతలు రావాల్సిన దుప్పటి ఆరుకే ఆగిపోయేది, మళ్లీ విప్పేదాన్ని. కళ్ల ముందు ఆ వరండా, దాని ఇనుప కటకటాలు, వాటి మీద ఎవరో మోగించే వేలం డప్పు. ఉద్యోగం పోతుంది, మంచం పోతుంది, ఇల్లు పోతుంది, నలభై నాలుగేళ్ల మనిషిని పెట్టె పట్టుకుని ఏ గుమ్మంలో నిలబడను? సూపర్‌వైజరును బతిమాలాను. ఎలాగూ మూడు నెలల్లో పోయేదానివి, వారం ముందే పోతే ఏముంది, పో అంది. మాట కటువే గానీ సెలవు కాగితం మీద సంతకం పెట్టింది. ఆ వారంలో నాకు సులువుగా దొరికిన సంతకం అదొక్కటే.

ఎనిమిదో రోజు పొద్దున బస్సు దిగి, పెట్టెతో నేరుగా ఇంటికి వెళ్లాను. ముసురు పట్టి ఉంది. కింది వాటా గుమ్మంలో ఎవరో ఆవిడ పిల్లకు జడ వేస్తోంది. లోపల నాకు తెలియని బీరువా, తెలియని మంచాలు, గోడకు తెలియని మనుషుల ఫోటోలు. మరిది కోసం అడిగితే, పైన ఉంటారు, ఇప్పుడు షెడ్డుకి వెళ్లుంటారంది. పైన ఉండే మాస్టారి గురించి అడిగితే ఆవిడ నా మొహం వింతగా చూసింది. మాస్టారెవరూ లేరు, మేం దిగినప్పటి నుంచీ పైన ఆయనొక్కరే ఉంటున్నారు, మా ఇంటి యజమాని ఆయనే కదా అంది.

మెట్లెక్కాను. తాళం వేసి లేదు, గడియ మాత్రమే పెట్టి ఉంది. గడియ తీసి లోపలికి వెళ్లేసరికి మొదట వినబడింది చుక్కల చప్పుడు. ముందు గదిలో నాలుగు బకెట్లు, లోపలి గదిలో మూడు, వంటింట్లో పొయ్యి పక్కన ఒక గిన్నె. పైకప్పు నల్లగా మచ్చలు కట్టి, మధ్యలో ఇనుప చువ్వ బయటపడి ఉంది. బకెట్ల మధ్య ఖాళీలో, ఏటవాలుగా, బస్సు సీటొకటి. ముగ్గురు కూర్చునే పొడుగు సీటును కాళ్లు కోసి పడక చేసుకున్నాడు. తడిసినా తుడుచుకుంటే పోతుందని కాబోలు, దిండుకు కూడా రెగ్జిన్ తొడిగాడు.

ఒక మూల మాత్రం పొడిగా ఉంది. ఆ మూలలో మా ఆయన ఫోటో, దాని కింద నా బీరువా. బీరువా నిలువెల్లా రెగ్జిన్ తొడుగు ఉంది. బస్సు సీట్లకు వేసే రెండు వరసల కుట్టు, కొస కూడా వదలకుండా. నేను పెట్టె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. బకెట్ పెట్టుకోమను అన్నది నా నోరే.

మధ్యాహ్నం భోజనాల వేళకు మరిది వచ్చాడు. గుమ్మంలో నా చెప్పులు చూసి ఆగాడు. మనిషి సగమయ్యాడు. తడిసిన సంచి కింద పెట్టి, "ఎప్పుడొచ్చావు వదినా? కూర్చో, టీ పెడతాను," అన్నాడు. కూర్చోవడానికి బస్సు సీటు తప్ప ఏమీ లేదు.

"మాస్టారు ఏరి అబ్బాయ్?"

"లేరు. నువ్వెళ్లిన ఏడు మొదటి వానకే ఖాళీ చేసేశారు."

అప్పుడు చెప్పుకొచ్చాడు, నేల చూపులు చూస్తూ. స్లాబు పగిలిందట. మొత్తం ఎత్తి మళ్లీ పోస్తే తప్ప లాభం లేదన్నారట మేస్త్రీలు. ఇంకెవరైనా అద్దెకు రాకపోతారా, అందాకా ఒక నెల నేను సర్దుతానులే అనుకున్నాడు. వచ్చి చూసినవాళ్లు చూసినట్టే మెట్లు దిగిపోయేవారు. రెండో నెలా సర్దాడు. మూడో నెల చేతిలో లేక, తన కింది వాటా అద్దెకిచ్చి, తాను పైకి వచ్చేశాడు. కిందివాళ్లు ఇచ్చేది అలాగే తీసుకెళ్లి నా పేరున కట్టేవాడు. చీటీ మీద మాస్టారి పేరు రాసేవాడు. నాకు అనుమానం రాకుండా అప్పుడప్పుడు మాస్టారి చేత గొణిగించేవాడు.

"కారుతోందని చెప్పింది నువ్వేనా?"

"కారుతోంది కదా మరి," అన్నాడు.

మూడుసార్లు పెంచాను నేను అద్దె. మూడుసార్లూ, మాస్టారు సరేనన్నారు వదినా అన్నాడు. మూడోసారి మాత్రం రెండు రోజులు గడువడిగాడు. ఆ రెండు రోజులూ నేను ఫోన్లో మాస్టారిని నోటికొచ్చినట్టు తిట్టాను, పిసినారి పీనుగ అని కూడా అన్నాను. కిందివాళ్లు పెంచనన్నారట. అందుకని ఆదివారాలు కూడా షెడ్డులో పనికి ఒప్పుకుని వచ్చి, మూడో రోజు సరేనన్నాడు. ఆ సంబంధం సంగతీ అప్పుడే తెలిసింది. ఆ అమ్మాయి పొడుగేమీ కాదు. వాళ్లవాళ్లు ఇల్లు చూద్దామని వానలో వచ్చి, బకెట్లు దాటుకుంటూ లోపలికి వచ్చి, దాటుకుంటూనే బయటికి వెళ్లిపోయారు.

అతన్ని కొట్టాలనిపించింది. కాళ్లు పట్టుకోవాలనిపించింది. రెండూ చేతకాక, నిండిన బకెట్ ఒకటి ఎత్తి వరండాలోంచి పారబోశాను.

"నాతో ఒక్క మాట అనలేకపోయావా?"

"అక్కడ నీ మంచానికి అదే ఆధారం అన్నావు కదా," అన్నాడు. "రేపు చెబుదాం అనుకునేవాణ్ణి. రేపు అనేసరికి మళ్లీ ఐదో తారీకు వచ్చేసేది."

వాన పడుతూనే ఉంది. సాయంత్రం దాకా ఆ బకెట్లు నేనొకటి, అతనొకటి పారబోస్తూ కూర్చున్నాం. దుఃఖం కంటే ముందు నాకు పుట్టింది భయమే, సిగ్గులేకుండా ఒప్పుకుంటాను. మాస్టారే లేకపోతే సంతకం ఎవరు పెడతారు? ఇంకా రెండు రోజులే ఉన్నాయి.

మర్నాడు ఇద్దరం లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. జిరాక్సు షాపు మీద చిన్న గది, బల్ల మీద ఫైళ్ల కట్టలు, వాటి చాటున ఆవిడ. కథంతా విని ముక్కు మీద వేలేసుకోలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, రెండు దార్లున్నాయంది. మొదటి దారి, పై వాటాలో అద్దెకు ఎవరూ లేరు, మరిది తన ఇష్టం కొద్దీ నాకు డబ్బు పంపాడు అని రాయడం. అప్పుడు పన్నూ ఉండదు, జరిమానా ఉండదు. కాకపోతే, నాలుగేళ్ల బ్యాంకు చీటీల మీద ఇతని చేతిరాతతోనే అద్దె, అద్దె అని ఉంది. ఆఫీసు నమ్మదు. విచారణ వేస్తారు. విచారణ తేలేదాకా పై వాటాకు సీలు వేస్తారు. అది ఏడాదో, రెండేళ్లో. ఈలోగా వేలం జరగదన్న హామీ కూడా లేదు.

రెండో దారి చెప్పేటప్పుడు ఆవిడ నా వైపు కాక, మరిది వైపు చూసింది. "మాస్టారి ఒప్పందం ఆయన ఖాళీ చేసిన రోజే చెల్లిపోయింది. దాదాపు నాలుగేళ్లుగా పై వాటాలో ఉన్నది ఎవరు? మీరు. నెలనెలా డబ్బు కట్టింది ఎవరు? మీరు. అంటే అద్దెదారు మీరే. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. రేపు మీరు సంతకం పెడితే రిటర్ను తీసుకుంటారు, జప్తు ఆగిపోతుంది."

నా ఊపిరి ఇంకా పూర్తిగా బయటికి రాలేదు, ఆవిడ రెండో ముక్క చెప్పింది. అద్దెదారు అతనైతే, పన్ను కోయని తప్పూ అతనిదే. జరిమానా అతని జీతంలోంచి నెలనెలా మూడేళ్లు పట్టుకుంటారు. ఆ కాగితం షెడ్డు ఆఫీసుకు వెళ్తుంది. మాస్టారి నెత్తిన పడాలని నేను ముచ్చటపడిన జరిమానా అది.

ఆవిడ రిటర్ను ఫారం ముందేసుకుని ఒక్కో గడీ అడుగుతూ నింపింది. ఇంటి మరమ్మతులకు ఖర్చు పెట్టి ఉంటే అంత మేరా పన్ను తగ్గుతుందట. "ఎంత పెట్టారు?" అని అడిగింది. మరిది గొంతు సవరించుకుని, బకెట్లు లెక్కకొస్తాయా మేడం అని అడిగాడు. రావంది. ఆ గడిలో సున్నా వేసింది.

జిరాక్సు షాపు మెట్ల మీద నేను ఆగిపోయాను. మొదటి దారే రాయిద్దామన్నాను. సీలు వేసుకుంటే వేసుకోనీ, నా బతుకేదో నేను బతుకుతాను, నీ జీతం కోయించే కాగితం నా పేరున దాఖలు చేయలేనన్నాను. నోటితో అంటున్నానే గానీ లోపల లెక్క వేరే. మూడు నెలల తర్వాత పెట్టె ఎక్కడ దించను అన్న ప్రశ్న అప్పుడూ నన్ను వదల్లేదు. అతను నా మాటకు ఎక్కడ ఒప్పుకోడో అని భయం, ఎక్కడ ఒప్పుకుంటాడో అని అంతకంటే పెద్ద భయం. ఇంత నీచంగా ఆలోచించగలనని నాకు అంతవరకూ తెలియదు.

"సీలు వేస్తే నేనెక్కడ పడుకోను?" అన్నాడు మరిది. "కింది వాటా ఇంకా రెండేళ్ల కాగితం మీద ఉంది. నువ్వెక్కడికి వస్తావు? అన్నయ్య ఫోటో ఎక్కడ పెడతాం?" మెట్లు దిగి రోడ్డు మీద నడుస్తూ, షెడ్డులో ఎవరూ ఏమీ అనరులే, అక్కడ జీతం పూర్తిగా తెచ్చుకునేవాడు ఎవడున్నాడు కనక అన్నాడు. నన్ను నవ్వించాలని చూశాడు.

పదో రోజు పన్నుల ఆఫీసు. పొడుగాటి హాలు, బెంచీలు, నాలుగో నంబరు కిటికీ. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం మూడున్నర దాటింది. ఐదింటికి కిటికీ మూస్తారు. గుమాస్తా పెద్దవాడు, కళ్లజోడుకు దారం కట్టుకున్నాడు. అద్దెదారు ఎవరన్నాడు. నేను నోరు తెరిచాను. మొదటి దారి చెప్పాలనే తెరిచాను, ఇప్పటికీ ఆ మాట మీదే నిలబడతాను. కానీ మాట రాలేదు. ఆ లోపు మరిది నా పక్క నుంచి ముందుకు వచ్చి, నేనేనండీ అన్నాడు.

ధ్రువపత్రం గుమాస్తా పైకి చదివాడు, తప్పులుంటే చెప్పమని. మొదటి ఏడు ఇంత. రెండో ఏడు నూటికి పది హెచ్చు. మూడో ఏడు నూటికి పది హెచ్చు. నాలుగో ఏడు నూటికి పది హెచ్చు. ఒక్కో ముక్కకూ మరిది సరే, సరే అని తల ఊపాడు. ఫోన్లో మాస్టారి తరఫున సరేనన్నది కూడా ఈ గొంతుతోనే. నేను కిటికీ చెక్క పట్టుకుని నిలబడ్డాను.

పన్ను ఎందుకు కోయలేదో కారణం రాయాలన్నాడు గుమాస్తా.

"కోయాలని రెండో ఏడే మా షెడ్డు లెక్కలాయన చెప్పాడండీ," అన్నాడు మరిది. "కోస్తే ఆవిడకి తక్కువ పడుతుంది కదా."

గుమాస్తా రాయడం ఆపి, కళ్లజోడు పైనుంచి అతన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. అలా రాస్తే జరిమానా రెట్టింపవుతుంది బాబూ, తెలియక అని రాస్తున్నాను అన్నాడు. రాశాడు. నాలుగేళ్లలో మమ్మల్ని ఊరికే కనికరించిన మనిషి ఆయనొక్కడే.

మరిది సంతకం పెట్టాడు. వేలిముద్ర దగ్గర ఆలస్యమైంది. రెగ్జిన్ లాగి లాగి, పెద్ద సూది నొక్కి నొక్కి, అతని బొటనవేలి గీతలు అరిగిపోయాయి. ఒకసారి వేస్తే నల్లటి మచ్చ పడింది. రెండోసారి వేస్తే అదే మచ్చ. ఎడమ చేయి వేయమన్నాడు, అదీ అంతే. చివరికి చిటికెన వేలు ఆనింది. ఎదురుగా గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ముద్ర పడిన ధ్రువపత్రం నా రిటర్నుకు జతచేసి, గుమాస్తా దాని మీద రెండుసార్లు స్టాంపు కొట్టాడు. జప్తు ఆగింది. ఇల్లు దక్కింది. దక్కిందన్న సంతోషం నాకు ఏ మూలా దొరకలేదు.

నేను కాగితాలు తీసుకోబోతుంటే, ఇంకొక గడి మిగిలిందన్నాడు గుమాస్తా. వచ్చే ఏడాది కూడా ఇదే అద్దెదారు కొనసాగుతాడా, కొనసాగితే అద్దె ఎంత? అది ఇంటి యజమాని చెప్పాలన్నాడు.

మరిది సిరా అంటిన వేళ్లు ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు. "ఉంటానండీ," అన్నాడు గుమాస్తాతో. తర్వాత నా వైపు కొంచెం వంగి, మెల్లగా, "ఈ ఏడు మాత్రం పెంచకు వదినా," అన్నాడు.

గుమాస్తా నవ్వాడు. అతనూ నవ్వాడు. మాస్టారి పేరు అడ్డం పెట్టుకోకుండా మా మరిది నన్ను అడిగిన మొదటి కోరిక అదే.